ఆట రుణం

మందమర్రిలో ఉన్నవాళ్లు చాలామంది ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే. బొగ్గుబాయిలు తెరిచాక కరీంనగర్ పల్లెల నుంచి, వరంగల్ వైపు నుంచి, పరాయి రాష్ట్రాల నుంచి కూడా పనికోసం వచ్చి సింగరేణి క్వార్టర్లలో సంసారాలు పెట్టుకున్నారు. కొందరు పిల్లలు తల్లిదండ్రుల చేయి పట్టుకుని వచ్చారు, కొందరు ఇక్కడే పుట్టారు. వాళ్లు వచ్చి చేరిన ఈ జిల్లాలోనే దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో ఆలయం ఉంది. దీపావళికి ముందు గోండు గూడేల నుంచి దండారి దళాలు డప్పులు, తుడుంలు, పెప్రెలు మోగించుకుంటూ అక్కడికి చేరతాయి. ఆ దళాల్లో గుస్సాడీలుంటారు. ఒంటికి బూడిద, మెడలో పూసలు, నడుముకు గజ్జెలు, చేతిలో కర్ర, తలమీద నెమలి ఈకల పెద్ద కిరీటం. అడుగు పడినప్పుడల్లా ఆ ఈకలన్నీ ఒక్కసారిగా అదురుతాయి. కాలనీలో డప్పు నేర్చిన పిల్లవాడు ఆ దరువు విని కాలు కదిపితే, ఆ కాలు కదపడానికి వాడికి అధికారం ఉందా? ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఎందుకంటే ఆ ఆట ఒక దైవానికి చెందినది, ఒక జాతి దాన్ని మొక్కుగా మోసుకొస్తోంది.

దీనికి రెండు జవాబులు తరచుగా వినిపిస్తాయి. పుట్టుకతో వచ్చినవాడిదే ఆట అన్నది ఒకటి. కళకు ఎల్లలు లేవు, ఎవరైనా ఆడుకోవచ్చు అన్నది రెండోది. పైకి ఎదురెదురుగా కనిపించినా రెండూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. ఆటను రెండూ భూమిలాగే చూస్తున్నాయి: ఒకటి పట్టాదారు పేరు అడుగుతుంది, మరొకటి అది పోరంబోకు అంటుంది. మన పాత గ్రంథాలు మనిషి పుట్టుకను హక్కుతో కాక అప్పుతో మొదలుపెట్టాయి. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు రుణాలతో పుడతాడంది: దేవతలకు, రుషులకు, పితరులకు. శతపథ బ్రాహ్మణం ఆ మాటను ఒక వర్ణానికి కట్టెయ్యలేదు. ఉన్నవాడెవడైనా రుణంగానే పుడతాడని చెప్పి, సాటి మనుషుల రుణాన్ని నాలుగోదిగా చేర్చింది. రుషి రుణం తీరేది అధ్యయనంతో. అంటే విద్య చేతికి వచ్చిన క్షణంలోనే అప్పు కూడా నెత్తిన పడుతుంది. ఆటలో అధికారం ఈ అప్పును ఒప్పుకోవడంలో ఉందని నా వాదన. వారసుడికి ఆ అప్పు పుట్టుకతో వస్తుంది, పరాయివాడు కోరి నెత్తిన పెట్టుకుంటాడు. ఇద్దరూ తీర్చవలసిందే.

దీనికి సాక్ష్యం గోండుల దగ్గరే ఉంది. వాళ్ల దేవతల కథలు, వంశాల పుట్టుపూర్వోత్తరాలు తరతరాలుగా కిక్రి వాయిస్తూ పాడి నిలిపింది ప్రధాన్‌లు. వీళ్లు గోండులు కారు, వేరే తెగ. ఆదిలాబాద్ ప్రధాన్‌ల ఇంటి భాష మరాఠీ అనీ, యజమానుల ఇళ్ల ముందు మాత్రం గోండిలో పాడతారనీ 1940లలో మార్లవాయి అనే గోండు గూడెంలో ఉండి పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రాశాడు. ఒక జాతి తన అత్యంత పవిత్రమైన జ్ఞాపకాన్ని పక్కజాతి గొంతులో దాచుకుంది! రక్తమే అధికారమైతే ఈ ఏర్పాటు ఒక్క తరం కూడా నిలిచేది కాదు. అలాగని ఎవడు పడితే వాడు కిక్రి పట్టుకుని వచ్చి పాడితే గోండులు వినేవాళ్లూ కారు. ఫలానా ప్రధాన్ కుటుంబానికి ఫలానా గోండు వంశంతో ఇచ్చిపుచ్చుకునే బంధం ఉంటుంది. పాడినవాడికి ధాన్యమో పశువో ముట్టాలి, తప్పు పాడితే పెద్దలు ఆపాలి. అధికారమంతా ఆ లెక్కలోనే ఉంది.

చాలా దూరంలో, పూర్తిగా లౌకికమైన చోట కూడా ఇదే కనబడుతుంది. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో 1926లో సవాయ్ బాల్‌రూమ్ తెరిచారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే నేల మీద ఆడగలిగిన అరుదైన చోటు అది. అక్కడ పెరిగిన స్వింగ్ నాట్యం లిండీ హాప్. దాన్ని శిఖరానికి చేర్చిన ఫ్రాంకీ మానింగ్ హార్లెమ్‌లో పుట్టలేదు. 1914లో ఫ్లోరిడాలో పుట్టి, పసితనంలోనే తల్లితో వలస వచ్చాడు. దక్షిణాది నుంచి పనికోసం ఉత్తరాదికి కదిలిన లక్షలమంది నల్లజాతివాళ్లలో ఆ తల్లీబిడ్డలూ ఉన్నారు. మన బాయి కాలనీల పిల్లల్లాగే ఆ పిల్లవాడికి కూడా వెనకటి ఊరు ఇంట్లోవాళ్ల మాటల్లోనే మిగిలింది. కాళ్లు నేర్చుకున్నది కొత్త నేల మీదే. ఆ ఆటకు ప్రాణం ఒక కదలికలో ఉంది: ఇద్దరు దగ్గరికొచ్చి, తిరిగి, ఎనిమిది లెక్కల్లో చేయి చాచినంత దూరం విడిపోతారు. ఒక్క చేతి పట్టు మాత్రం మిగులుతుంది. ఆ పట్టు తెగనంతసేపూ ఎవరికి తోచినట్టు వాళ్లు అడుగు వేయవచ్చు. వాద్యగాళ్లు కూడా ఆ లెక్కలో ఉండేవారు. అక్కడి బ్యాండ్ నాయకుడు చిక్ వెబ్ డ్రమ్స్ దగ్గర కూర్చుని ఆడేవాళ్ల కాళ్లను చూసి వాయించేవాడు. సంగీతం తెలిసినవాడు ఆటలోకి దిగితే మొదట నేర్చుకోవలసింది ఇదే: తాళం తనకు తెలిసినంత మాత్రాన అది తన చేతిలో లేదు, ఎదుటి మనిషి ఒంటి బరువులో ఉంది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. రుణమన్న మాట చాలా తియ్యగా ఉంది, కానీ చరిత్రలో జరిగింది దోపిడీ కదా? నిజమే, దీన్ని తేలిగ్గా దాటలేం. సవాయ్ 1958లో మూతపడింది. స్వింగ్ పేరుతో ఇతరులు పేరూ డబ్బూ గడించుకుంటే మానింగ్ దాదాపు మూడు దశాబ్దాలు పోస్టాఫీసులో ఉద్యోగం చేశాడు. మన దగ్గర ఇంతకంటే ఘోరం జరిగింది. గుడుల్లో, కచేరీల్లో అభినయాన్ని కాపాడిన కలావంతుల స్త్రీలను సమాజం వెలివేసింది. 1947 మద్రాసు చట్టం దేవదాసీ వ్యవస్థతో పాటు వాళ్ల ఆటకు ఉన్న వేదికను కూడా మూసేసింది. వాళ్లు ఆడిన పదాలే తర్వాత గౌరవనీయుల వేదికలకెక్కాయి, వాళ్ల పేర్లు మాత్రం ఎక్కలేదు. అయితే, దీన్ని దోపిడీ అని ఎందుకంటున్నాం? ఎవరో ఎవరికో బాకీ ఉన్నారు కాబట్టే. ఎల్లలు లేని కళ అన్నవాడి దగ్గర ఈ అన్యాయానికి పేరు పెట్టే మాటే లేదు. రుణమన్నప్పుడే ఎగవేత కనబడుతుంది, తీర్చడానికి దారీ కనబడుతుంది. 1980లలో అమెరికా, స్వీడన్ల నుంచి కొందరు యువకులు మానింగ్‌ను వెతుక్కుంటూ వెళ్లి, ఆయన్ను గురువుగా కూర్చోబెట్టారు. 2009లో కన్నుమూసేదాకా ఆయన నేర్పుతూనే ఉన్నాడు. మన దగ్గర, బాలి ద్వీపంలో పుట్టి చిన్నప్పుడే ఈ దేశానికి వచ్చిన నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కలావంతుల ఇళ్లకు విద్యార్థిగా వెళ్లి, వాళ్ల విద్యకు ఆంధ్రనాట్యమని పేరు పెట్టి నిలబెట్టాడు. ఆ పేరులో కలావంతులు కనబడకుండా పోయారని ఎవరైనా నిలదీస్తే, ఆ ప్రశ్న న్యాయమైనదే. కొంత తీర్చినంత మాత్రాన బాకీ మొత్తం చెల్లిపోదు.

రెండో ఆక్షేపణ గీత వైపు నుంచి వస్తుంది: పరధర్మం భయావహం, ఎవరిది వాళ్లు చేసుకోవాలి. వలస వచ్చిన పిల్లవాడి విషయంలో ఈ మాట అనుకున్నంత సూటిగా పనిచేయదు. వాడి తాత ఊరి కోలాటమో ఒగ్గుడోలో వాడికి ఎవరూ నేర్పలేదు. దరువు విని కదిలినది ఈ నేల మీద నడక నేర్చిన కాలు. ఆదిలాబాద్ జిల్లాలో పుట్టిన రాజారెడ్డి, రాధారెడ్డి దంపతులు కృష్ణాతీరపు కుటుంబాల విద్య అయిన కూచిపూడిని స్వధర్మం చేసుకున్నారు. అయినా ఆ ఆక్షేపణలో ఒక సత్యముంది, గుస్సాడీ దగ్గర అది మొహం మీదే ఎదురవుతుంది. దండారి రోజుల్లో గుస్సాడీ స్నానం చేయడు, అతని మీద దైవం నిలిచిందని గూడెం నమ్ముతుంది. అడుగులను నేర్చుకోవచ్చు, దీక్షను మాత్రం నేర్చుకోలేం. అది ఆ దైవమూ ఆ గూడెమూ కలిసి ఇవ్వవలసినది. ఇవ్వకపోతే ఆగిపోవడమే అక్కడ రుణం తీర్చుకునే పద్ధతి. ఒప్పుకున్న అప్పు కొన్నిసార్లు ఆడమంటుంది, కొన్నిసార్లు కూర్చుని డప్పు వినమంటుంది. ఆ తేడా చెప్పవలసింది గోండు పెద్దలు. మనం ఊహించుకుని నిర్ణయించే పని కాదు.

ఆ పెద్దలు అన్ని తలుపులూ మూసినవాళ్లు కారు. మార్లవాయి కనకరాజు గుస్సాడీ అడుగులను ఎంతోమందికి నేర్పాడు, దాన్ని పెద్ద వేదికల మీదికి తీసుకెళ్లాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో కన్నుమూశాడు. ఏది బయటికి ఇవ్వవచ్చో, ఏది గూడెంలోనే ఉండాలో తెలిసిన మనిషి అనుకుంటాను. ఇప్పుడు స్కూలు వార్షికోత్సవాల్లో అట్టముక్కలతో నెమలి కిరీటాలు చేసి, సినిమా పాట పెట్టి ‘గుస్సాడీ’ ఆడించే అలవాటు పెరుగుతోంది. పిల్లల తప్పేమీ లేదు, వాళ్ల ఉత్సాహం నిజమైనది. దాన్ని నడిపే పెద్దలు చేయగలిగిన పని ఉంది: నెలముందే గూడెం వెళ్లి అక్కడి పెద్ద అయిన పటేల్‌ను అడగాలి, నేర్పడానికి వచ్చినవాళ్లకు దారిఖర్చూ సంభావనా ఇవ్వాలి, పిల్లల చేత ముందు తుడుం దరువు వినిపించి ఆ తర్వాతే కాలు కదిపించాలి. కిరీటం పెట్టుకోవద్దని వాళ్లంటే కిరీటం లేకుండానే ఆడాలి.