ఇల్లు ఖాళీ చేయించే గృహస్థునికి హితవు

నాయనా, అద్దెదారు మీద దావా వేయాలని నిశ్చయించుకున్నావు. నీ హక్కును నేను కాదనను. అది తాతల నాటి ఇల్లు కావచ్చు, ఉద్యోగ విరమణ నాడు వచ్చిన సొమ్ముతో కట్టుకున్నది కావచ్చు. ఆ అద్దె మీదనే నీ తల్లి మందులు గడుస్తూ ఉండవచ్చు. నెలల తరబడి అద్దె ఎగవేసి, పొమ్మంటే కోర్టులో చూసుకోమనేవాడు నిశ్చయంగా అన్యాయం చేస్తున్నాడు. అయినా బరంపురం సివిల్ కోర్టు మెట్లు ఎక్కేముందు ఒక్క సంగతి గుర్తుంచుకో. అతని తప్పుతో పాటు నీ నడవడి కూడా ఆ గదిలో విచారణకు వస్తుంది.

మొదట కోపాన్ని అణచుకో. మన గంజాం జిల్లాలో ఎన్ని ఇళ్లలో మగవాడు సూరత్ మరమగ్గాల మీద ఉంటాడో నీకు తెలుసు. అటువంటి ఒక ఇంట్లో, వెనుక వాటాలో భార్య, ఇద్దరు పిల్లలు. అక్కడినుంచి డబ్బు వస్తేనే ఇక్కడ అద్దె. రెండు నెలలు డబ్బు రాలేదు. మూడో నెల ఇంటి యజమాని తెల్లవారుజామున నీళ్ల మోటారు గదికి తాళం వేశాడు. ఆమె బిందె పట్టుకుని వీధి కుళాయి దగ్గర నిలబడింది, పిల్లలు ముఖం కడుక్కోకుండా బడికి పోయారు. ఆ తాళంతో అతనికి పైసా రాలేదు. పైగా అంతవరకు అద్దె బాకీ గురించి ఉన్న తగవులో ఇప్పుడు అతనే ముద్దాయి అయ్యాడు.

నీళ్లు ఆపడం, కరెంటు తీయించడం, సామాను వీధిలో పెట్టించడం, నలుగురు మనుషులను పంపి బెదిరించడం అధర్మం. చట్టమూ వాటిని ఒప్పదు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఆరో సెక్షన్ ఉంది. చట్టప్రకారం కాక బలవంతంగా వెళ్లగొట్టబడినవాడు 6 నెలల లోపు దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్న లేకుండానే తిరిగి స్వాధీనం పొందవచ్చు. అద్దె గడువు తీరిన తరువాత కూడా, స్థిరంగా నివసిస్తున్నవానిని కోర్టు ద్వారా తప్ప తొలగించరాదని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చి చెప్పింది.

ఇక కాగితాలు. నోటిమాట నీటిమూట. అద్దె ఒప్పందం, పుచ్చుకున్న అడ్వాన్సు లెక్క, ప్రతి నెలా ఇచ్చిన రసీదు, హోల్డింగ్ ట్యాక్స్ కట్టిన కాగితాలు ఒకచోట చేర్చు. ఏడాదికి మించిన గడువుతో రాసుకున్న ఒప్పందం రిజిస్టరు కాకపోతే ఎంతవరకు చెల్లుతుందో వకీలును ముందే అడుగు. మన జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలోనిది. కాబట్టి తాతల దస్తావేజు తెలుగులో ఉంటే దాని అనువాదం సిద్ధం చేయించుకో. రసీదులు ఎన్నడూ ఇవ్వలేదా? అయితే బాకీ ఎంతో ఈ రోజు నీవు చెప్పే అంకెను ఎవరు నమ్మాలి? గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో పెట్టిన గుర్తులైనా సరే, ఉన్నవి ఉన్నట్టు చూపు. లేని రసీదు పుస్తకాన్ని రాత్రికి రాత్రి రాయకు. అది తగవు కాదు, నేరం.

నోటీసు సంగతి శ్రద్ధగా విను. ఎన్నో మంచి దావాలు ఇక్కడే చెడతాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అది రాతలో ఉండాలి, సంతకం ఉండాలి, పోస్టులోనో చేతికో అందాలి. గుమ్మంలో నిలబడి కేకలు వేస్తే నోటీసు కాదు. గడువు ముగిసిన తరువాత మునుపటిలాగే అద్దె పుచ్చుకుంటే, ఆ నోటీసును నీవే వదులుకున్నావని ఎదుటి వకీలు వాదిస్తాడు. 113వ సెక్షన్ అతనికి ఆ అవకాశం ఇస్తుంది. ఆ సొమ్మును ఏమని పుచ్చుకోవాలో ముందే కనుక్కో.

వకీలు దగ్గర దాచకు. వరాహగిరి జోగయ్య పంతులు వంటి వకీళ్లు ప్రాక్టీసు చేసిన ఊరిది. ఇక్కడి బల్ల ముందు అర్ధసత్యాలు ఎక్కువకాలం నిలవవు. మోటారుకు తాళం వేసి ఉంటే ఆ మాట కూడా చెప్పు. కొడుకు కాపురానికి ఇల్లు కావాలని ప్రమాణం చేసి, తీర్పు రాగానే ఎక్కువ అద్దెకు మరొకరికి ఇవ్వాలన్నది నీ ఆలోచన అయితే, ఆ దావా వేయకు. కన్నకొడుకు పేరు మీద అబద్ధమాడి గెలిచిన ఇంట్లో ఏం సుఖపడతావు?

మరొకటి. అద్దె బాకీ వల్ల ఒప్పందం రద్దయిందని నీవు దావా వేస్తే, విచారణ నాడు అద్దెదారు బాకీ, వడ్డీ, ఖర్చులు చెల్లించినప్పుడు కోర్టు అతనిని కనికరించవచ్చు. ఆస్తి బదిలీ చట్టంలోని 114వ సెక్షన్ అది. అప్పుడు ఓడిపోయానని కుమిలిపోకు. నీకు రావలసింది నీ చేతికి వచ్చింది.

రాజ్యంలో సగం తమదైనా పాండవులు ఐదూళ్లిచ్చినా చాలని రాయబారం పంపారు. నీవూ ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని ఒకసారి మాట్లాడు. 2020లో సూరత్‌లో మగ్గాలు ఆగి మనవాళ్లు వేల మంది తిరిగివచ్చారు. అటువంటి కాలంలో పడిన బాకీని, జేబులో డబ్బుండి ఎగవేసిన బాకీని ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు. వాయిదాల మీద కడతానంటే రాయించుకో. ఖాళీ చేస్తానంటే తేదీ రాయించుకో. దావా వేసిన తరువాత కూడా లోక్ అదాలత్ ఉంది. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది.

ఏ మాటా వినలేదు, దావా నడిచింది, డిక్రీ నీకే వచ్చింది అనుకుందాం. అప్పుడైనా నీవు గుమ్మం దూకవద్దు. అమలు దరఖాస్తు వేస్తే కోర్టు మనిషే వచ్చి స్వాధీనం ఇప్పిస్తాడు. పిల్లల పరీక్షలు దగ్గరలో ఉంటే ఆ కొద్ది రోజులు ఆగు. వాళ్లు గడప దాటే రోజున, బాకీ పోను మిగిలిన అడ్వాన్సు లెక్కగట్టి, రసీదు రాయించుకుని, వారి చేతికి ఇచ్చి పంపు.