మునుపటి మహిమ

మనము ప్రేమించిన స్థలము మారిపోయినప్పుడు మనకు కలుగు దుఃఖము సద్గుణమా, దోషమా? ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. పాత దేవాలయమును తీసివేసి క్రొత్తది కట్టినప్పుడు, చిన్ననాటి బడి ముందరి చింతచెట్టును నరికినప్పుడు, ఎరిగిన కీర్తనకు ఎరుగని రాగము కట్టినప్పుడు మనలో అనేకులు నిట్టూర్చుదురు. ఆ నిట్టూర్పునకు నమ్మకత్వమని మనమే పేరు పెట్టుకొందుము. దానిని పరీక్షింపవలెనను తలంపు మనకు రాదు. నా మట్టుకు నాకు ఆ పరీక్ష వేదాంత కళాశాలలో గాక ఒక వినోదవనములో ఎదురైనది. అందుచేత ఆ తోటను గూర్చియే వ్రాయుచున్నాను.

నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో భిలాయి అను ఉక్కు పట్టణము కలదు. 1955 ఫిబ్రవరి 2వ తేదీన మన ప్రభుత్వమును సోవియట్ ప్రభుత్వమును చేసికొనిన ఒడంబడిక వలన అచ్చట ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారు దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. కర్మాగారమును కట్టుటకు నలుదిక్కుల నుండి కూలీలు వచ్చిరి. వారిలో శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములవారు అనేకులు. పనివారు గుడిసెలు వేసికొనిన తావులకు క్యాంపులని పేరు వచ్చెను. పని ముగిసిన పిమ్మట ఎత్తివేయదగినదియే క్యాంపు. అయినను క్యాంప్ 1 ఎత్తివేయబడలేదు. గుడిసెల చోట ఇండ్లు లేచినవి. ఆ సందులలో నేటికిని తెలుగు వినబడును. మా నాన్నగారు అట్లు వచ్చిన కూలీలలో ఒకరు. ఇటుకలు మోసి, కాంక్రీటు కలిపి, తరువాత కాంట్రాక్టర్ల క్రింద ఏ పని దొరికిన ఆ పని చేసి మమ్మును పెంచిరి. నేను క్యాంప్ 1లోనే పుట్టితిని.

1971 ఆగస్టు 9వ తేదీన భారత సోవియట్ దేశముల నడుమ శాంతి, మైత్రి, సహకారముల సంధి జరిగెను. మరుసటి సంవత్సరము, అనగా 1972లో, ఆ స్నేహమునకు గురుతుగా ఉక్కు కర్మాగారమువారు ఒక ఉద్యానవనమును నెలకొల్పి దానికి మైత్రీబాగ్ అని పేరు పెట్టిరి. అందులో జంతువులు, చెరువు, పూలమళ్లు. క్యాంపు పిల్లలకు అదియే ఏదెను తోట. క్రిస్మసు మరునాడు నాన్నగారు నన్ను సైకిలు బారు మీదను, అక్కను క్యారియరు మీదను కూర్చుండబెట్టుకొని, రైలు పట్టాలు దాటి, వరుసగా తీర్చిన సెక్టర్ల వీధుల గుండ అక్కడికి తీసికొనిపోయెడివారు. అమ్మ కట్టి యిచ్చిన పులిహోర చెరువుగట్టున తినెడివారము. ఏ బోను తరువాత ఏ బోను వచ్చునో నాకు కంఠస్థము. నోటుపుస్తకము చివరి పుటలో ఆ తోట పటమును గీసి ఉంచుకొంటిని.

పై చదువులకై ఊరు విడిచిన తరువాతను నా అభిమానము తగ్గలేదు. ఇంటికి వచ్చినప్పుడెల్ల అక్కడికి పోయెడివాడను. అయితే క్రమక్రమముగా నేను చూచుటకు గాక లెక్క చూచుకొనుటకు పోవుచుంటిని. ఏమి చేర్చిరి? ఏమి తీసివేసిరి? బొమ్మ రైలు, చెరువులో పడవలు, పాటకు తగినట్లు ఎగసిపడు రంగుల ఫౌంటెన్, ఏటేటి పూల ప్రదర్శన: వీటిలో నా పటములో ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. లేనివాటిని చూచినప్పుడెల్ల నా మనస్సులో ఒక న్యాయాధిపతి పీఠము మీద కూర్చుండెను. “ఇది మునుపటి మైత్రీబాగ్ కాదు” అనునదే ఆయన తీర్పు.

వినోదవనములు మారుట వింత కాదు. భిలాయి ఒడంబడిక జరిగిన 1955వ సంవత్సరమునందే, జూలై 17వ తేదీన, అమెరికాలో వాల్ట్ డిస్నీ తన డిస్నీలాండును తెరచెను. అది ఎన్నటికిని పూర్తికాదనియు, ఎల్లప్పుడును ఏదో ఒకటి చేరుచునే యుండుననియు ఆయన భావము. ఒకసారి చూచినవాడు మరల రావలెనన్న, చూడనిది ఒకటి ఉండవలెను గదా. కన్ను కడుపు కంటె త్వరగా ఆకలిగొనును. ఆ ఆకలిని ఎరిగినవారే తోటలను నడిపింతురు. క్రొత్తదానికై పరుగెత్తు జనమును చూచి నేను చులకనగా నవ్వుకొనెడివాడను. నా ఆకలి వెనుకకు తిరిగినదే గాని చల్లారినది కాదని నాకు అప్పుడు తెలియలేదు.

1990వ దశకపు చివరి సంవత్సరములలో ఒడిశాలోని నందన్‌కానన్ నుండి మైత్రీబాగ్‌కు తెల్లపులులు వచ్చినవి. భిలాయి అంతయు వాటినిగూర్చియే చెప్పుకొనెను. నేను అప్పుడు డాక్టరేటు పరిశోధనలో ఉండి, శీతకాలపు సెలవులకు ఇంటికి వచ్చియుంటిని. నాన్నగారు ఊపిరి ఆడక బాధపడుచుండిరి. ఒక ఉదయమున ఆయన నా బల్లయొద్దకు వచ్చి, “తెల్లపులులు వచ్చినాయట్రా. ఓపాలి చూసొద్దామా?” అని అడిగిరి.

నేను పుస్తకము నుండి తలయెత్తితిని. ఆ పులులను గూర్చి నేను చదివినదంతయు ఆయనకు చెప్పితిని. అది వింత చూపి జనమును రప్పించుకొను ఉపాయమే గాని మరియొకటి కాదంటిని. మునుపటి మైత్రీబాగ్ వేరు, ఇప్పటిది వేరు అంటిని. నేను చెప్పినది నెమ్మదిగా విని ఆయన “సరేలే” అనిరి. ఆ సంవత్సరము గడువకముందే ఆయన ప్రభువునందు నిద్రించిరి. చాలకాలము తరువాత అక్క ఒక మాట చెప్పెను: “ఆ రోజు నాన్న ముందే ఇస్త్రీ చొక్కా తీసి ఉంచుకున్నాడు తమ్ముడూ. నువ్వు రానన్నాక మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టేశాడు.”

ప్రియ చదువరీ, ఇక్కడ ఒక చిక్కు కలదు. నేను ఆయనకు చెప్పినది అబద్ధము కాదు. తెల్లపులి ప్రత్యేకమైన జాతి కాదు. మన దేశపు పులియే. తల్లి నుండియు తండ్రి నుండియు ఒక మరుగుపడిన లక్షణము సంక్రమించినప్పుడు మాత్రమే ఆ వర్ణము బయటపడును. 1951లో రీవా మహారాజు అడవిలో ఒక తెల్లపులి పిల్లను పట్టించి మోహన్ అని పేరు పెట్టెను. సాధారణ వర్ణముగల ఆడపులితో దానిని జతకూర్చినప్పుడు తెల్లపిల్లలు పుట్టలేదు. తరువాత దాని సొంత కూతురితోనే జతకూర్చిరి. 1958లో తెల్లపిల్లలు పుట్టినవి. ఆ వర్ణముతోకూడ మెల్లకన్ను వచ్చుట కలదు. దగ్గర రక్తసంబంధములో పదే పదే జతకూర్చుటవలన మరి కొన్ని లోపములును కలుగును. మన చూపునకు వింత కావలసివచ్చినందున ఒక ప్రాణి భారము మోసినది. సృష్టిని మనకు అప్పగించినవాని యెదుట ఇది తేలికయైన సంగతి కాదు. ఇదంతయు నిజమే.

అయితే నేను బయలుదేరకపోవుటకు కారణము ఇది కాదు. పులులమీది కనికరమే కారణమైనయెడల, నా చిన్ననాటి బోనులలోని ఎలుగుబంటుల కొరకు నేను ఒక్క దినమైనను ఎందుకు బాధపడలేదు? అవి నా పటములో ఉన్నవి గనుక వాటి బోనులు నాకు బోనులుగా కనబడలేదు. నా పటమును కాపాడుకొనుటకు న్యాయమైన ఒక మాట దొరికినది. దానిని డాలుగా పట్టుకొంటిని. నీతిశాస్త్రము చదివినవారికి ఈ అపాయము అధికము. తప్పుడు కారణము చెప్పువానిని ఎవడైనను ఖండించును. సరియైన కారణమును తప్పుడు పనికి వాడుకొనువానిని ఖండించుటకు అతని మనస్సాక్షి తప్ప మరి యెవరును లేరు.

బబులోను చెర నుండి తిరిగివచ్చినవారు యెరూషలేములో మందిరపు పునాది వేసిన దినమును ఎజ్రా గ్రంథము వర్ణించుచున్నది. మొదటి మందిరమును కన్నులార చూచిన ముసలివారు గొంతెత్తి ఏడ్చిరి. చూడని పడుచువారు సంతోషముతో కేకలు వేసిరి. ఏది ఏడుపో, ఏది ఆనందమో వినువారు గుర్తింపలేకపోయిరి. గ్రంథకర్త ఆ ముసలివారిని ఒక్క మాటయైనను అనలేదు. పోగొట్టుకొనిన దానికొరకు ఏడ్చుట పాపము కాదు. అయితే పని ఆగిపోయినది. శత్రువుల అడ్డంకులును, స్వంత ఇండ్ల చింతయు దానికి కారణములు. దాదాపు పదునారు సంవత్సరముల తరువాత, క్రీ.పూ. 520లో, హగ్గయి ప్రవక్త లేచి ముసలివారిని పలుకరించెను. మునుపటి మహిమను చూచినవారు మీలో ఎవరున్నారనియు, ఇది మీ కన్నులకు ఎందుకును కొరగానిదిగా తోచుట లేదా అనియు అడిగెను. పోలిక తప్పని ఆయన వాదింపలేదు. ధైర్యము తెచ్చుకొని పని సాగింపుడని మాత్రము ఆజ్ఞాపించెను. దేవుడు వారితో ఉన్నాడను ఒక్క కారణమును చూపెను.

ఇక్కడనే నా ప్రశ్నకు జవాబు దొరకినదని తలంచుచున్నాను. పాతదానికొరకు కన్నీరు కార్చుట దోషము కాదు. ఆ కన్నీరు చేతులను కట్టివేసినప్పుడు, ప్రక్కనున్నవాని సంతోషమునకు అడ్డు నిలిచినప్పుడు, అది దోషమగును. మా నాన్నగారు ఇటుకలు మోసిన ఊరిలో ప్రతి మార్పును ఆయన తన చేతిపనిగా ఎంచుకొని సంతోషించిరి. అనుభవించినవాడనే గాని కట్టినవాడను కాని నేను మారకూడదని పట్టుపట్టితిని.

నా వృత్తి భాషాంతరీకరణము గనుక ఇంకొక్క మాట చెప్పనిండు. క్రొత్త ద్రాక్షారసమును క్రొత్త తిత్తులలో పోయుదురను ప్రభువు ఉపమానములో మన తెలుగు బైబిలునందు రెండు చోట్లను ‘క్రొత్త’ అను మాటయే కలదు. గ్రీకు మూలములో అవి రెండు మాటలు. రసమునకు నెయోస్, తిత్తులకు కైనోస్. మొదటిది ఈ మధ్యనే పుట్టినదని సూచించును. రెండవది గుణములో క్రొత్తదని సూచించును. ఈ భేదము అంతటను నిక్కచ్చిగా పాటింపబడలేదు గాని, నాకు మాత్రము అది ఉపయోగపడినది. తోటలోని వింతలు మొదటి విధమైన క్రొత్తవి, రేపటికి పాతబడును. ప్రేమించిన మనుష్యునితో కలిసి నడచునప్పుడు అదే త్రోవ రెండవ విధముగా క్రొత్తదగును. మా నాన్నగారు అడిగినది ఈ రెండవది. నేను మొదటిదానిని గూర్చి ఉపన్యసించితిని.

ఆ తోటను ఏ రాజ్యముతోడి స్నేహమునకు గురుతుగా వేసిరో ఆ సోవియట్ రాజ్యము 1991 డిసెంబరులో లేకుండ పోయెను. శాశ్వతమని తలంచినది గతించెను. తాత్కాలికమని పేరుపడిన క్యాంపు నిలిచెను. అయినను తోటకు పేరు మార్చలేదు. మైత్రి అను మాట రాజ్యములకంటె పాతది గనుక అది ఇంకను చెల్లుచున్నది. ఆ పేరు గేటు మీద ఎన్నిసార్లు చదివితినో లెక్కలేదు. నాతోకూడ నడచువానికి అది అన్వయించునని మాత్రము గ్రహింపలేదు.

ఇటీవల క్రిస్మసు సెలవులలో అక్క మనుమడు నన్ను మైత్రీబాగ్‌కు తీసికొనిపొమ్మని అడిగెను. ఈసారి నేను పుస్తకము మూసితిని. త్రోవలో వాడు, “తాతా, మీ చిన్నప్పుడు అక్కడ ఏముండేది?” అనెను. నాలుక చివరి వరకు వచ్చిన జాబితాను ఆపుకొని, “ముందు నువ్వు చూసిందంతా నాకు చూపించు, తర్వాత చెబుతా” అంటిని. తెల్లపులి బోను ముందర వాడు చాలసేపు నిలిచెను. నాకు తెలిసినదంతయు వానికి చెప్పితిని. అది ఎట్లు తెల్లనైనదో, దానికొరకు మనుష్యులు ఏమి చేసిరో, ఏదియు దాచలేదు. వాడు కొంచెము ఆలోచించి, “దానికి తెలుసా తాతా?” అని అడిగెను. తెలియదంటిని. వాడు నా చేయి పట్టుకొనెను. ఇద్దరమును ఇంకొంతసేపు అక్కడనే నిలిచితిమి.

నా సత్యము అప్పుడును అదే, ఇప్పుడును అదే. ఈసారి దానిని బోనుయొద్దకు నడచివెళ్లి, చేయి పట్టుకొని చెప్పితిని. 1999లోనైనను ఆ విధముగా చెప్పియుండవచ్చును. ఆ ముసలివాడును వినియుండును.

చదువరీ, నీ యింటిలో కూడ ఎవరో ఒకరు ఇస్త్రీ చొక్కా తీసి ఉంచుకొని, నీ తలుపునొద్దకు వచ్చి అడుగుచుండవచ్చును. వారు చూడగోరునది నీకు రుచింపకపోవచ్చును. నీ అభ్యంతరము న్యాయమైనదే కావచ్చును. దానిని త్రోవలో చెప్పుము. ముందు చెప్పులు తొడుగుకొనుము.