తొలి ముంత ఎవరికి?

సంక్రాంతి వెళ్ళిన నెలలో ఒక ఆదివారం కోనసీమలో 'రుచుల నడక'కి వెళ్ళాను. మాది మారేడుమిల్లి కొండల్లో కొండరెడ్ల ఊరు. నాలుగేళ్ళుగా రాజోలు వైపు ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. నా దగ్గర చదివిన కుర్రాడొకడు ఇప్పుడు పర్యాటకుల్ని తిప్పే పనిలో ఉన్నాడు. "మేష్టారూ, హైదరాబాదు నుంచి పన్నెండు మంది వస్తున్నారండి. వ్యానులో ఒక సీటు ఖాళీగా ఉంది. మీరూ రండి, డబ్బులేం వద్దు" అన్నాడు. ఊరికే వస్తుందంటే వద్దనే మనిషిని కాను.

పొద్దున్నే అంబాజీపేటలో పొట్టిక్కలు. పనసాకుల్ని ఈనెలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఒక్కొక్కరికి ఒక్కటే. తర్వాత కొబ్బరితోటల మధ్య కాలవగట్టు పట్టుకుని నడక. ఒక తాటితోపులో ఉడకబెట్టిన తేగలు, చిన్న కాగితపు కప్పులో కల్లు. మళ్ళీ వ్యానెక్కి ఆత్రేయపురం, పూతరేకులకి. ఎక్కడా కడుపు నిండకూడదు, నాలుక మాత్రం ఊరంతా తిరగాలి. అదీ పద్ధతి.

ఈ పద్ధతి ఎక్కడ పట్టావురా అని అడిగాను. స్పెయిన్‌కి ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో ఇలా చేస్తారట. సాన్ సెబాస్టియన్ అని సముద్రపు ఒడ్డున పట్నం ఉంది. బాస్కుల భాషలో దాని పేరు డొనోస్టియా. దాని పాతపేట సందుల్లో, బార్ల బల్లల మీద, రొట్టెముక్కపై చేపో మిరపకాయో ఆలివ్ కాయో పెట్టి పుల్ల గుచ్చి ఉంచుతారు. గుచ్చడం అనే స్పానిష్ మాట నుంచి దానికి పిన్చో అని పేరొచ్చింది. ఒకటి తిని, చాకొలి అనే పుల్లటి వైన్ రెండు గుక్కలు తాగి, పక్క బారుకి నడుస్తారు. ఊరి స్నేహితులు గుంపుగా అలా తిరగడం అక్కడ పాత అలవాటు. ఇప్పుడు డబ్బు కట్టిన విదేశీయులు గైడు వెనక తిరుగుతున్నారు. మావాడు అది చూసి, కోనసీమకి ఏం తక్కువ అనుకున్నాడు. నిజమే, ఏం తక్కువ లేదు.

తాటితోపులో జరిగింది చెప్పాలి. గీత కార్మికుడు చెట్టు దిగి ముంత ఇచ్చాడు. మావాడు అందరికీ కప్పుల్లో పోసి, ముందు వాసన చూడండి, తర్వాత కొంచెం నోట్లో తిప్పండి, ఏమనిపించిందో చెప్పండి అన్నాడు. ఒకాయన పులుపన్నాడు, ఒకావిడ పిండి పులిసిన వాసనంది. ఫోటోలు తీసుకున్నారు. చెట్టెక్కి దిగిన మనిషి మోకు భుజాన వేసుకుని పక్కన నిలబడ్డాడు. ఆయనకి ఎవరూ పోయలేదు. నేనూ పోయలేదు. నా చేతిలోనూ కప్పు ఉంది, నేనూ నోట్లో తిప్పుతున్నాను. మా ఇంట్లో మా తాత జీలుగు కల్లు దించితే మొదటి నాలుగు చుక్కలు నేలమీద పడేవి, పోయినవాళ్ళకి. తర్వాత ముసలివాళ్ళకి. ఆ తర్వాతే ఎవరైనా. పదేళ్ళ వయసులో నేర్చుకున్న వరుస అది. కోనసీమలో, వ్యాను మనుషుల మధ్య, గుర్తే రాలేదు.

ఆత్రేయపురంలో ఒక ఇంటి వసారాలోకి తీసుకెళ్ళారు. పొయ్యిమీద బోర్లించిన కుండ, కింద ఎండాకుల మంట. ఒక పెద్దావిడ పల్చటి గుడ్డని బియ్యపు పిండినీళ్ళలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. రెప్పపాటులో రేకు లేస్తుంది. కాగితం కన్నా పల్చన. మా గుంపులో ఒకమ్మాయి నేనూ చేస్తానంది. రేకు చిరిగింది, అందరూ నవ్వారు, పెద్దావిడా నవ్వింది. అలా ముగ్గురు ప్రయత్నించారు, మూడు రేకులు పోయాయి. మావాళ్ళు వ్యాను వైపు వెళ్ళాక ఆవిడ నన్ను అడిగింది.

"తవరిది ఏ ఊరండీ?"

చెప్పాను.

"ఆయ్, మారేడుమిల్లా! మా అబ్బాయాళ్ళు పోయినేడు వెళ్ళొచ్చారండి. బొంగులో చికెన్ తిని, అక్కడోళ్ళ ఊళ్ళు కూడా చూసొచ్చారు. మీ ఇళ్ళకీ ఇలాగే వచ్చేత్తారాండీ జనం?"

వస్తారండి అన్నాను. అంతకన్నా జవాబు తోచలేదు. ఆవిడ మళ్ళీ గుడ్డ ముంచింది. వేడి కుండ మీద లాగి లాగి ఆవిడ వేళ్ళ చివర్లు నున్నగా అయిపోయాయి. "రేకులు మేం తీత్తామండి. చుట్టి అమ్మేది కొట్టోళ్ళు" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, వాన పడిందని చెప్పినట్టు చెప్పింది.

తిరుగు దారిలో ఒకావిడ, ఇప్పుడు కోనసీమ అంటే ఏమిటో తెలిసింది అంది. నవ్వుకుందామనుకున్నాను కానీ నవ్వు రాలేదు. నాలుగేళ్ళ నుంచి అక్కడే ఉంటున్న నాకు కూడా ఆ పొద్దు అలాగే అనిపించింది. నాలుక మీద పడ్డది తెలిసిపోయినట్టే ఉంటుంది. రుచి చేసే మాయ ఇదే. పుస్తకం చదివితే ఇంకా పేజీలున్నాయని తెలుస్తుంది. ముద్ద మింగితే అయిపోయిందనిపిస్తుంది.

ఇంతా రాయడానికి కారణం వేరే ఉంది. మా ఊరి కుర్రాళ్ళు ముగ్గురు, డిగ్రీ చదివి ఇంటి దగ్గరున్నవాళ్ళు, ఇలాంటి నడకే మా దగ్గర పెడతామంటున్నారు. వాగు దగ్గర మొదలుపెట్టి ఊరిదాకా అయిదు చోట్ల ఆగుళ్ళు, అయిదు రుచులు. బొంగులో చికెన్, సామల అన్నం, వెదురు కొమ్ముల కూర, అడవి తేనె, చివర్లో జీలుగు కల్లు. "అన్నా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నువ్వే రాసిపెట్టాలి" అన్నారు. నేను ఇంకా రాయలేదు.

మా పెద్దల్లో కొందరు తిండిని అమ్మకూడదంటారు. ఇంటికొచ్చినవాడికి పెట్టాలి గానీ వెల కట్టకూడదని. ఆ మాట వినడానికి బావుంటుంది, నాకు మాత్రం ఒప్పుదల లేదు. మన అమ్మలు చింతపండు అమ్మారు, కొండచీపుర్లు అమ్మారు, అడ్డాకులు కుట్టి అమ్మారు. సంతలో తూకం దగ్గర మోసపోతూ అమ్మారు. తిండి ఒక్కటే పవిత్రమని ఇప్పుడు ఆ ముగ్గురు కుర్రాళ్ళ దగ్గర అనడం న్యాయం కాదు. పైగా ఊరికే తిని వెళ్ళే అధికారుల్ని మనం తరతరాలుగా చూశాం. డబ్బిచ్చి తినేవాడు వాళ్ళకన్నా నయం. ఇక, వాళ్ళు అమ్మకపోతే రుచి ఆగుతుందా? అడవికి వెళ్ళినప్పుడు గిన్నె లేక వెదురు బొంగులో వండుకున్న కూర అది. ఇవాళ పట్నాల్లో బోర్డులు పెట్టి అమ్ముతున్నారు. అందులో మనవాళ్ళు ఎంతమంది? మన భూమికి 1/70 ఉంది. మన రుచికి అలాంటి చట్టమేదీ లేదు.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. వేరే ఊరివాడు ఆ పేరు పెట్టి అమ్మడానికి లేదు. కానీ ఆ గుర్తింపు డబ్బా మీద ఏ ఊరి పేరుండాలో చెబుతుంది, కుండ ముందు కూర్చున్న చేతికి ఎంత దక్కాలో చెప్పదు. అరకు కాఫీకి 2019లో వచ్చినప్పుడు మనం సంబరపడ్డాం, పాడేరు, అరకు పిల్లలు ఈ లెక్క కూడా అడగాలి.

కాబట్టి అమ్మొచ్చా లేదా అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. అంతకన్నా కష్టమైనది కల్లు దగ్గర ఉంది.

జీలుగు చెట్టు మాకు మత్తుకోసం కాదు. గాదెలో గింజలు అడుగంటే ఎండాకాలంలో పొద్దున పూట ఆకలికి ఆ కల్లే. మరీ కరువొస్తే చెట్టు కొట్టి, మానులోని గుజ్జు దంచి, పిండి తీసి జావ కాచుకున్నారు మా పెద్దలు. 1941లో మా కొండలకొచ్చి ఉండి, తర్వాత కొండరెడ్ల మీద పుస్తకం రాసిన హైమన్‌డార్ఫ్ ఈ చెట్టు మా తిండిలో ఎంత భాగమో గమనించాడు. అంతకు అరవై ఏళ్ళ ముందే దొరల ప్రభుత్వానికి అది ఇంకో రకంగా తెలిసొచ్చింది. చెట్టు నుంచి కల్లు తీసుకోవడం మీద చిగురుపన్ను ఉండేది. అది చాలదన్నట్టు కొత్త ఆబ్కారీ పద్ధతి వచ్చింది, మైదానపు గుత్తేదార్లు వచ్చారు. తన చెట్టు తాను గీసుకుని తన ఇంట్లో తాగడానికి కూడా పరాయివాడికి కట్టాల్సి వచ్చింది. 1879 మార్చిలో రంప లేచింది. కారం తమ్మన్నదొరలాంటివాళ్ళు నడిపిన ఆ ఫితూరీని అణచడానికి సైన్యమే రావాల్సి వచ్చింది. అల్లూరి సీతారామరాజు పేరు తెలిసిన మన పిల్లల్లో చాలామందికి ఈ కల్లుముంత కథ తెలియదు. ఉపాధ్యాయ మిత్రులు చెప్పాలి.

ఇప్పుడు పన్నెండు మంది వ్యానులో వస్తారు. ఒక్కొక్కరికి ఒక కప్పు. వారంలో రెండు వ్యాన్లు. చెట్టు ఇచ్చేది పెరగదు. కప్పు ధర పెరుగుతుంది, ఇంట్లో ముసలామె బుర్రలో పడేది తగ్గుతుంది. ఎవరూ దౌర్జన్యం చెయ్యరు, గుత్తేదారు రాడు, పన్ను ఉండదు. మన కుర్రాడే, మన ఇష్టంతోనే, మన ముంత తీసుకెళ్ళి పోస్తాడు. నన్ను భయపెట్టేది ఇదీ.

మనకి కొత్తలు ఉన్నాయి. మామిడి కొత్త, చిక్కుడు కొత్త. కొత్త చెయ్యకుండా ఆ కాయ నోట్లో పెట్టకూడదని చిన్నప్పుడు దెబ్బలు తిన్నాం. పట్నం చదువు చదివాక నేను దాన్ని మూఢనమ్మకమన్నాను కూడా. ఇప్పుడు వేరేగా కనబడుతోంది. పండినదాన్ని ముందు నేలకి చూపించి, పోయినవాళ్ళకి పెట్టి, ఊరంతా ఒకే రోజు తినడం. ముందుగా చెట్టు దగ్గరకి చేరినవాడిదో, డబ్బున్నవాడిదో కాకుండా చేసే కట్టుబాటు అది. రుచి చూడ్డానికి ముందు అడగాల్సినవాళ్ళు ఉన్నారని చెప్పడం. రుచుల నడకలో ఈ ఒక్కటే లేదు. అక్కడ మొదటి ముంత కొన్నవాడిది.

మళ్ళీ బాస్కుల దగ్గరకి వెళ్తాను. వాళ్ళూ ఒక చిన్న జాతి. చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేని భాష వాళ్ళది. ఫ్రాంకో కాలంలో దాన్ని బళ్ళోంచీ బయటి బతుకులోంచీ తరిమారు. 1979 తర్వాత వాళ్ళ ప్రాంతంలో అది అధికార భాషల్లో ఒకటైంది. బార్లలో పిన్చోలు ఎవరికైనా పెడతారు, ఏ దేశంవాడికైనా పోస్తారు. కానీ అదే పట్నంలో చొకోలని ఉన్నాయి. సభ్యులే సరుకులు తెచ్చుకుని, సభ్యులే వండుకుని, తమవాళ్ళతో కూర్చుని తినే వంటిళ్ళు. 19వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. సభ్యుడెవరైనా పిలిస్తే తప్ప బయటివాడు లోపలికి రాడు. అంటే వాళ్ళు రెండు వాకిళ్ళు పెట్టుకున్నారు. ఒకటి తెరిచే ఉంటుంది, ఒకదాని తాళం వాళ్ళ దగ్గరుంటుంది.

నాకు ఇది నచ్చింది. నచ్చాక ఇంకొంచెం చదివితే, ఆ చొకోల్లో చాలాకాలం ఆడవాళ్ళకి ప్రవేశం లేదని తెలిసింది. ఇప్పుడు కొన్నిచోట్ల మారింది. తాళం మన దగ్గరుంటే చాలదు, 'మన' అంటే ఎవరో కూడా చూసుకోవాలి. మా ఊళ్ళో అమ్మకానికి పెట్టాలా వద్దా అని రచ్చబండ దగ్గర తేల్చేది మగవాళ్ళు. బొంగు కడిగేది, సామలు దంచేది, వచ్చిన పన్నెండు మందికి ఆకులేసేది ఎవరు? వాళ్ళని అడగలేదు.

అడిగే చోటు లేకపోలేదు. 1996 నాటి పెసా చట్టం మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని ఆపే, అదుపు చేసే అధికారం గ్రామసభకి ఉండాలంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు కూడా. దాన్ని మనం సారా ఆపడానికే వాడుకోవాలనుకుంటాం. ఏ చెట్టు కల్లు వ్యాను మనుషులకి, ఏ చెట్టుది ఇంటికి అని తేల్చడానికీ అదే సభ చాలు. ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చుంటే.

కుర్రాళ్ళకి నేను ఇంగ్లీషు రాసి పంపలేదు గానీ ఫోన్ చేసి మూడు మాటలు అడిగాను. వచ్చినవాళ్ళకి 'ఇది పెట్టం' అని చెప్పగలిగేది ఏది? వండినావిడకి ఆ రోజు చేతిలో ఎంత పడుతుంది? కల్లు దించినాయన ముందు ఎవరు తాగుతారు? మొదటిదానికి నవ్వారు. రెండోదానికి లెక్క చెప్పారు, బాగానే ఉంది, ఇంకొంచెం పెంచమన్నాను. మూడోదానికి మాట్లాడలేదు.

వారం తర్వాత వాళ్ళలో చిన్నోడు ఫోన్ చేశాడు. వాళ్ళ అవ్వకి జాబితా చదివి వినిపించాడట. ఆమె అంతా విని, తేనె ఇవ్వండి, కోడి ఇవ్వండి, వాగు పక్క జీలుగు మాత్రం మూడిళ్ళది, దాని పేరెత్తకండి అందట. "అయితే కల్లు ఆగుడు తీసేస్తున్నామన్నా. నాలుగే రాయి" అన్నాడు. గొంతులో కొంచెం నిరాశ ఉంది. పట్నంవాళ్ళు కల్లు కోసమే వస్తారని వాడి లెక్క, అది తప్పని నేను అనలేను.

మిగతా నాలుగూ వేసవి సెలవులకి నేను వెళ్ళాక కూర్చుని తేల్చుకుందామన్నాం. అప్పటికి మామిడి కొత్త అయిపోయుంటుంది. ఆత్రేయపురం పెద్దావిడకి కూడా ఒకసారి కనబడి, ఆ రోజు చిరిగిన మూడు రేకుల డబ్బు ఇచ్చి రావాలనుకుంటున్నాను. తీసుకుంటుందో లేదో.