వణుకు ఎవరిది?

యంత్రం గీసే గీతలో కావాలని వణుకు కలపడం అబద్ధమా? చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. బొమ్మలు గీసే రోబోని ఇంట్లో తయారుచేసుకున్నవాళ్లకి మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

ఆ రోబోలో పెద్ద రహస్యమేం ఉండదు. ఒక ప్లైవుడ్ బోర్డు, దాని పై మూలల్లో రెండు స్టెప్పర్ మోటార్లు, వాటి నుంచి దిగిన రెండు దారాలు, అవి కలిసేచోట వేలాడే పెన్ను, పెన్నుని ఎత్తడానికి ఓ చిన్న సర్వో, అన్నిటినీ నడిపే ఆర్డినో. పెన్ను ఎక్కడికి పోవాలో తెలిస్తే ఏ దారం ఎంత పొడవుండాలో పైథాగరస్ చెప్పేస్తాడు.

మెదక్‌లో మా ఇంట్లో ఉన్నదీ ఇదే రకం. అది మొదట గీసింది, ఇంకేం గీస్తుంది, మెదక్ చర్చినే. అప్పట్లో దానికున్నవి చౌక మోటార్లు. లోపలి పళ్ల చక్రాల్లో కొంచెం లూజు ఉంటుంది కాబట్టి దిశ మారినప్పుడల్లా గీత తడబడేది. ఆ బొమ్మ చూసి మా చిన్నమ్మ "చేత్తో గీసినట్టే ఉందిరా" అని మురిసిపోయింది. తర్వాత నీమా 17 మోటార్లు, దారాల బదులు పళ్ల బెల్టులు వచ్చాయి. మోటారు చుట్టు తిరగడానికి 200 స్టెప్పులు. ఒక్కోదాన్ని 16 ముక్కలు చేస్తే 3,200. చర్చి శిఖరం నిటారుగా నిలబడింది. చిన్నమ్మ మాత్రం "ఇది ప్రింటు తీసినవా?" అంది. కోడ్‌లో ఒక్క లైను రాసి, ప్రతి బిందువుకీ కాస్త రాండమ్ కలిపితే చాలు, పాత వణుకు తిరిగొస్తుంది. కలపాలా?

గీత వణికిందంటే అక్కడ ఎవరో కష్టపడ్డారని నమ్ముతాం. ఆ నమ్మకానికే ముచ్చటపడతాం. కానీ కష్టం ఎప్పుడూ ముచ్చటపడాల్సిందేనా? ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం సంగతి తెలిసిందే. ఒక చీరకి ఆసు పోయాలంటే చేతిని దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం కనిపెట్టాడు. 1999లో అది పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ నూలులో అమ్మ చేతి స్పర్శ పోయిందే అని ఎవరైనా బాధపడితే, ఆ బాధ ఖరీదు ఇంకొకరి భుజమే.

మా ఊరి చర్చి కథ దీనికి తలకిందులు. చార్లెస్ వాకర్ పాస్నెట్ హయాంలో 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన ఆ చర్చిని, కరువులో జనానికి పనీ తిండీ దొరకాలని కట్టించారని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. పని తగ్గించే యంత్రం అప్పుడు వచ్చి ఉంటే శిఖరం తొందరగా లేచేదేమో, కంచాలు మాత్రం ఖాళీగా ఉండేవి. ఒకచోట చేతిని తప్పించడం దయ, ఇంకోచోట చేతికి పని ఇవ్వడం దయ. కష్టం విలువ అది ఎవరిది, ఎవరికోసం అన్నదాన్ని బట్టే తేలుతుంది.

మరి పుట్టించిన వణుకంతా దొంగదేనా? హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన చిత్రకారిణి వెరా మోల్నార్ (1924–2023) 1968 నుంచే కంప్యూటర్‌తో బొమ్మలు వేసింది. వాళ్లమ్మ రాసే ఉత్తరాల్లో చేతిరాత ఏళ్లు గడిచేకొద్దీ చెదిరిపోతూ వచ్చింది. ఆ రాతను పోలిన గీతల్ని, ఒక్క అక్షరం కూడా చదవలేని వరసలుగా, మోల్నార్ ప్రోగ్రాముతో గీయించింది. వాటికి అమ్మ ఉత్తరాలనే పేరు పెట్టింది. ఆ వణుకూ లెక్కల్లోంచి వచ్చిందే. కానీ అది ఎవరిదో ఆమెకి తెలుసు, చూసేవాళ్లకీ చెప్పింది. ఒక చేతిని అంతకాలం గమనించినవాళ్లే దాన్ని అలా గీయించగలరు.

నా కోడ్‌లో ఆ ఒక్క లైను వెనక అలాంటి చెయ్యి లేదు. పాత మోటార్ల తడబాటు కనీసం ఆ మోటార్లది. ఈ కొత్త వణుకు ఎవరిదీ కాదు. మెచ్చుకోలు కూడా ఒక ఉత్తరం లాంటిదే, ఎవరికో ఒకరికి చేరాలి. లేని మనిషి అడ్రసు రాసి ఇంకొకరి చేత పోస్టు చేయించడమే ఇక్కడి మోసం. బెల్టు బిగించడంలో, వైర్లు అతకడంలో, లెక్క కుదరక రాత్రుళ్లు కూర్చోవడంలో కష్టం ఉంది. అది గీతలో కనిపించదు, నోటితో చెప్పుకోవాల్సిందే. చెప్పుకుంటే మెప్పు కొంచెం తగ్గుతుంది.

తగ్గనీ. ఆ లైను కలపలేదు.