కొన్న భూమి, నడిచే బాట: యాజమాన్యపు హద్దులపై ఒక నైతిక పరిశీలన

భూమిని కొన్నవారు అందులోని కాలిబాటను కూడా కొన్నట్లేనా? పైకి ఇది న్యాయశాస్త్ర ప్రశ్న. మూలంలో నైతిక ప్రశ్న. ఔటర్ రింగు రోడ్డు వచ్చిన తరువాత మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల సేద్యపు భూములు ప్లాట్లుగా, ఫామ్‌హౌసులుగా మారుతున్నకొద్దీ ఈ ప్రశ్న పదునెక్కింది. కడీలు పాతి తీగ లాగితే చెరువుకో చెలకకో పోయే బాట ఒక్కరోజులో మూతపడుతుంది.

గ్రామ నక్షాలోని బండ్ల బాటకు పత్రాధారం ఉంటుంది. అడుగుల వల్ల ఏర్పడిన బాటకు వాడుకే ఆధారం. 2020 అక్టోబరు 29న ఈ ప్రాంతపు మూడుచింతలపల్లిలోనే ప్రారంభమైన ధరణి పట్టాదారుల వివరాలను నమోదు చేసింది. బాటసారుల వివరాలను నమోదు చేయడం దాని పని కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మాత్రం 20 ఏళ్ళపాటు బాహాటంగా, శాంతియుతంగా, అంతరాయం లేక, హక్కుగా సాగిన దారి వాడుకను హక్కుగానే గుర్తించింది. కౌటిల్యుని అర్థశాస్త్రం మనుషుల దారిని అడ్డగిస్తే 12 పణాలు, పొలపు దారిని అడ్డగిస్తే 54 పణాలు దండుగ విధించింది.

విక్రేత బాట సంగతి దాచి పూర్తి ధర పుచ్చుకుంటే కొనుగోలుదారుకు అన్యాయం జరిగిన మాట నిజమే. అయితే ఆ నష్టాన్ని భరించవలసినది విక్రేత. బేరంలో పాలుపంచుకోని బాటసారి కాదు. తనకు లేనిదానిని విక్రేత అమ్మజాలడు. పైగా బాట నేలపైనే కనిపిస్తుంది. అడిగి తెలుసుకోవడం కొనేవారి ధర్మం. నడిచేవారి సమ్మతితో బాటను గట్టు వెంట మళ్ళించవచ్చు. ఏకపక్షంగా మూయడం మాత్రం ఇతరుల సొత్తును హరించడమే.