కైకిలా, కానుకా?

2024 మే నెల. నల్లగొండలో మా ఇంటి మీద ఒక గది వేయిస్తున్నాను. మధ్యాహ్నం పనివాళ్లు సద్దులు విప్పుకుని తింటున్న వేళ నా ఫోనుకు ఒక వీడియో వచ్చింది. హైదరాబాదు శివారు తుర్కయంజాల్‌లో, ఇల్లు కడుతున్న చోట, డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి కూలి పని చేస్తున్నాడు. ఆయన పద్మశ్రీ దర్శనం మొగులయ్య. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య అంటే ఇంకా తొందరగా గుర్తుపడతారు.

“అయ్యో” అన్నాను. నాకే తెలియకుండా గట్టిగానే అన్నట్టున్నాను. ఇటుకలు మోసే పెద్దమ్మ తలెత్తి, “ఏమైంది సారూ?” అంది. ఆమెది అచ్చంపేట దిక్కు. వీడియో చూపించి సంగతి చెప్పాను. కాసేపు చూసి, చెయ్యి కడుక్కుంటూ నవ్వింది. “గాయన మోస్తే అయ్యో అంటున్నవు. పొద్దుగాల్నుంచి నేను మోస్తలేనా? నన్ను జూసి ఒక్కపారన్న అన్నవా?”

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఆ వీడియోని నలుగురికి పంపాను, కింద రెండు వాక్యాల ఆవేదన కూడా రాశాను. కానీ ఆమె మాట మాత్రం అప్పటినుంచి వదలడం లేదు. మొగులయ్యను చూసి మనకు కలిగిన బాధలో ఏముంది? అది న్యాయమైన బాధేనా?

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, నల్లమల అంచు. పుట్టింది డక్కలి కులంలో. చేతిలో కిన్నెర. వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, బొంగు మీద తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు, కొసకు ఒక నెమలి బొమ్మ. ఏ దుకాణంలోనూ దొరకదు. వాయించేవాడే చేసుకోవాలి, విరిగితే వాడే బాగుచేసుకోవాలి. ఈ వాద్యం మనకు కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుడి కథే చెప్పాడు. కిన్నెర వాయించి శివుడిని మెప్పించినవాడు పురాణంలోకి ఎక్కాడు. వాయిస్తూ ఊరూరా తిరిగినవాళ్లు ఊరి బయటే ఉండిపోయారు.

మొగులయ్య పాడేది ఎక్కువగా పండుగ సాయన్న కథ. నిజాం కాలంలో ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచాడని పాలమూరు ఇప్పటికీ చెప్పుకునే మనిషి. చదువుకున్నవాళ్లు చరిత్ర పుస్తకాల్లో సాయన్నకు చోటివ్వని రోజుల్లో ఆయన్ని బతికించింది ఇట్లాంటి గొంతులే. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో మొగులయ్య గొంతు వినిపించింది. దాంతో ఇన్నేళ్లుగా ఉన్న మనిషి ఒక్కరోజులో అందరికీ కనబడ్డాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, హైదరాబాదులో ఇంటి స్థలం ప్రకటించింది. ఎనిమిదో తరగతి పిల్లల పుస్తకంలో ఆయన మీద పాఠం ఉంది. రెండేళ్లు దాటగానే ఈ వీడియో. నెలకు వచ్చే పదివేల గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే విలేకరులకు చెప్పాడు.

ఇప్పుడు మన బాధను విప్పి చూద్దాం. అందులో మూడు పోగులున్నాయి.

మొదటిది: “అంతటి కళాకారుడు కూలి చేయడమా!” ఈ మాటలో గౌరవం కన్నా అవమానమే ఎక్కువ ఉంది. కూలి పని తక్కువ పని అని, అది చేసేవాళ్లు తక్కువవాళ్లని ముందే ఒప్పుకుంటే తప్ప ఈ వాక్యం పుట్టదు. పాలమూరు లేబర్ అన్న మాట దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, రోడ్డు వేసినా వినబడిన మాట. కరువు జిల్లా నుంచి మూటాముల్లే సర్దుకుని పోయిన వాళ్లు ఎన్ని ప్రాజెక్టులకు మట్టి మోశారో లెక్క లేదు. ఆ లెక్కన మొగులయ్య తుర్కయంజాల్‌లో చేసిన పని ఆయన జిల్లా తరతరాలుగా చేస్తున్న పనే. మనకు వింతగా తోచింది ఆ పని కాదు, ఆ పని చేస్తున్న మనిషి పేరు మనకు తెలిసి ఉండటం.

రెండోది: “ఆ వయసులో అంత కష్టమా!” ఇది నిజమైన బాధ. కానీ ఇది మొగులయ్య ఒక్కడిదే కాదు. మా ఇంటి మీద ఇటుకలు మోసిన పెద్దమ్మకు అరవై దాటాయి. ఈ బాధ నిజమైతే ముందు ఆమెను చూసి కలగాలి, ఎందుకంటే ఆమె నా ఎదురుగా ఉంది, ఆమె మోసిన ఇటుకలు నా గోడలో ఉన్నాయి. పెద్దమ్మ నవ్వుతూ అడిగింది సరిగ్గా ఇదే.

మూడోది మనం సాధారణంగా పైకి అనం: “ఆయనకు మనం ఏదో బాకీ ఉన్నాం.” నాకు ఇదే అసలు పోగు అనిపిస్తుంది. కళాకారుడు కూలివాడి కన్నా పైవాడు కాదు. ఆయనా కూలివాడే. తేడా ఏమిటంటే, ఆయన చేసిన రెండు పనుల్లో ఒకదానికే కైకిలి గట్టిది. తట్ట మోస్తే సాయంత్రానికి ఇంత అని ఒక లెక్క ఉంది. దాన్ని ఎవడూ దానం అనడు. పాటకు మాత్రం ఇచ్చింది దండ, శాలువా, చప్పట్లు, ప్రకటన. పద్మ పురస్కారంతో డబ్బు రాదని చాలామందికి తెలియదు. సనదు, పతకం, అంతే. మిగిలినదంతా ఇచ్చేవాళ్ల మనసు మీద, ఆ మనసు ఎన్నాళ్లు ఉంటుందన్న దాని మీద ఆధారపడిన కానుక.

“కోటి ఇచ్చారు కదా, ఏం చేసుకున్నాడు?” అన్నవాళ్లూ ఉన్నారు. కానుకకూ కైకిలికీ ఉన్న తేడా ఈ ప్రశ్నలోనే బయటపడుతుంది. రిటైరైన ఉద్యోగిని, పోయిన నెల పింఛను ఏం చేశావని మనం అడగం. అది ఆయన హక్కు, తాగినా తిన్నా ఆయన ఇష్టం. కానుక తీసుకున్నవాడు మాత్రం లెక్క చెప్పాలి, కృతజ్ఞత చూపాలి, మళ్లీ కష్టం వస్తే తప్పు తనదే అని ఒప్పుకోవాలి. ప్రజల సొమ్ము కాబట్టి అడగాల్సిందే అంటే అడుగుదాం. కానీ ఆ ప్రశ్న ఇచ్చినవాళ్లను అడగాలి: ఏ నియమం ప్రకారం ఇచ్చారు? సినిమాలో కనబడని మిగతా కిన్నెరవాళ్లకు ఏది?

హక్కు అన్న మాట నేను బయటినుంచి తెచ్చింది కాదు. డక్కలివాళ్లు మాదిగల ఆశ్రిత కులం. జాంబపురాణం చెప్పడం, కిన్నెర మీద కథలు పాడటం వాళ్ల వృత్తి. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివి అని పంపకం ఉండేది. ఆ ఊరికి వచ్చి కథ చెప్పినప్పుడు అడిగేది బిచ్చం కాదు, తమకు రావలసింది. ఇవ్వకపోతే అలిగే అధికారం కూడా వాళ్లకు ఉంది. ఊరిలో అందరికన్నా పేదలైన వాళ్లు కూడా తమ పురాణం చెప్పేవాడి పాలు తీసి పెట్టారు. ఈ చిన్న ఏర్పాటులో ఉన్న మర్యాద మన సన్మాన సభల్లో లేదు.

అయితే దీన్ని పూలదండ వేసి పొగడటానికీ వీల్లేదు. ఆ హక్కు కులంతో ముడిపడినది. అంటరానివాళ్లే అంటరాని వాళ్లుగా చూసిన వాళ్లు డక్కలివాళ్లు. వాడ బయటే ఆగాలి, దూరంగానే కూర్చోవాలి. హక్కు ఉండేది గానీ తల దించుకుని తీసుకునే హక్కు. ఇప్పుడేమో తల పైకెత్తించి వేదిక ఎక్కించాం, హక్కు పోయింది. రెండూ కలిసి ఉండే దారి లేదా?

ఉందని చెప్పే కథ ఒకటి దూరంగా అమెరికాలో ఉంది. 1950ల్లో రూత్ బ్రౌన్ అనే నల్లజాతి గాయని పాటలు ఎంతగా అమ్ముడయ్యాయంటే, ఆమె రికార్డు కంపెనీని ‘రూత్ కట్టిన ఇల్లు’ అని పిలిచేవారు. సోల్ సంగీతానికి దారి వేసిన గొంతుల్లో ఆమెదొకటి. తర్వాతి దశాబ్దంలో అదే మనిషి పిల్లల్ని పెంచడానికి ఇళ్లలో పనిచేసింది, బడి బస్సు నడిపింది. ఆమె జాలి అడగలేదు. ఒక లాయరు సాయంతో లెక్కలు అడిగింది, తన పాటల మీద రావలసిన రాయల్టీ అడిగింది. ఏళ్ల తరబడి పోరాడాక 1988లో ఆ కంపెనీ దిగివచ్చింది. ఆ పోరాటం నుంచే ఆమె తరం గాయకుల్ని ఆదుకునే ఒక ఫౌండేషన్ కూడా ఏర్పడింది. ఒక్కరికి ఇచ్చిన కానుక ఆ ఒక్కరితో ఆగిపోతుంది. ఒక్కరు గెలిచిన హక్కు పక్కవాళ్లకూ దారి అవుతుంది.

మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, పాడినవాళ్లకూ రాయల్టీలో హక్కు ఇచ్చారు. మంచిదే. కానీ సాయన్న కథ ఎవరిది? రాసినవాడి పేరు లేని పాటకు చట్టంలో యజమాని దొరకడు. వందేళ్లు గొంతులో దాచినవాళ్ల పనికి అక్కడ లెక్క లేదు.

“పాటకు వెల కడితే పాటలో జీవం పోతుంది” అనే పెద్దలు మా సాహిత్య మిత్రుల్లోనే ఉన్నారు. నేనూ ఒకప్పుడు అన్నవాడినే. గమనిస్తే, ఆ మాట అనే వాళ్లందరికీ ఒకటో తారీకున జీతం పడుతుంది.

ఇక నా సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కింద మేం కొందరం ఒక సభ పెట్టాం. పాడటానికి దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన్ని పిలిచాం. గంటసేపు పాడాడు. శాలువా కప్పాం, మెమెంటో ఇచ్చాం, ఫొటోలు దిగాం. రాత్రి బస్టాండులో దింపినప్పుడు మెల్లగా అడిగాడు: “సారూ, ఇగ కైకిలి ఏమన్న ఉన్నదా?” నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో కొంచెం కోపం కూడా ఉంది, ఇంత గౌరవిస్తే ఇట్లా అడుగుతాడేంటి అని. జేబులోంచి ఐదు వందలు తీసి చేతిలో పెట్టాను. ఆయన రెండు చేతులతో అందుకుని దండం పెట్టాడు.

ఇప్పుడు అర్థమవుతోంది. ఆయన వాడిన మాట కైకిలి. నేను ఇచ్చింది దానం. ఆ దండం నేను చేసిన అప్పు. మా గదికి పనిచేసిన పెద్దమ్మ ఏ సాయంత్రమూ నాకు దండం పెట్టలేదు. డబ్బులు లెక్కపెట్టుకుని, “రేపు ఎనిమిదింటికి వస్త” అని వెళ్లిపోయేది. కైకిలి తీసుకున్న మనిషి నడక అది.

మొన్న మళ్లీ ఒక సభ అనుకున్నాం. నేనే ఆ పెద్దాయనకు ఫోన్ చేసి, “పాడటానికి ఎంత తీసుకుంటరు?” అని అడిగాను. చాలాసేపు మాట లేదు. “మీరెంతిస్తే గంత సారూ” అన్నాడు. “గట్ల కాదు, మీరే చెప్పుండ్రి” అన్నాను. మళ్లీ మౌనం. చివరికి భయపడుతూ ఒక అంకె చెప్పాడు.

పక్కనే శాలువాలకు, మెమెంటోలకు రాసుకున్న చిట్టీ ఉంది. ఆయన చెప్పిన అంకె దానిలో సగం కూడా లేదు.