జబాల చెప్పిన సమాధానము

పదవ తరగతి ముగిసిన నాడు మన యిండ్లలో ఎంపీసీయా, బైపీసీయా యని పుట్టిన ప్రశ్న, ఇంటర్మీడియట్ రెండేండ్లును గడచి ఈఏపీసెట్ ర్యాంకు తెలియునప్పటికి కలహముగనో, కలహముకంటె దుస్సహమైన మౌనముగనో పరిణమించుట మన మెఱుగనిది గాదు. నిర్ణయాధికార మెవ్వరిదన్న వివాదమున తలిదండ్రులు స్వానుభవమును, బిడ్డలు స్వాభిరుచిని ప్రమాణముగ జూపుదురు. స్వధర్మమను గీతాశబ్దము నుభయపక్షములవారును దమ కనుకూలముగనే వాడుకొందురు గనుక దానితో నీ తగవు తీరదు.

ఈ తగవునకు దారి చూపు కథ యొకటి ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ యధ్యాయమున గలదు. గురుకులమునకు బోదలచిన సత్యకాముడు తన గోత్రమేదని తల్లియైన జబాల నడిగెను. ఏదో యొక గోత్రము గల్పించి చెప్పుట యామెకు గష్టము గాదు. అట్లు చేయక, యౌవనమున బెక్కుచోట్ల బరిచర్య చేయుచు వానిని గన్నదాన ననియు, గోత్రము దానెఱుగ ననియు, తన పేరు జబాల గావున జాబాలుడనని చెప్పుకొను మనియు నామె నిస్సంకోచముగ బలికెను. బాలుడా మాటలనే హారిద్రుమత గౌతముడను గురువునకు విన్నవింపగా, నాయన వానిని శిష్యునిగ జేర్చుకొని, బక్కచిక్కిన 400 గోవుల నప్పగించెను. అవి వేయి గానిది మరలి రానని బాలుడు బయలుదేఱెను.

వ్యాఖ్యాతలు శిష్యుని సత్యనిష్ఠను గొనియాడుదురు. నాకు మాత్రము తల్లి సత్యమే గొప్పదిగ దోచును. లోకము దన్నేమనుకొనునో యన్న భయమును జయించి, తన కెఱుక లేనిదాని నెఱుగనని యొప్పుకొనుట కన్నబిడ్డ యెదుట మఱింత కష్టము.

అట్టి సత్యమును విడిచి, "నీ యిష్టమేరా" యని పలుమాఱులు పలికి, కౌన్సెలింగు దినమున వెబ్ ఆప్షన్లను దామే నింపిన తండ్రులను నేనెఱుగుదును. సీటు ర్యాంకును బట్టియు, ఆప్షన్ల వరుసను బట్టియు వచ్చును. పైన వ్రాసినది లభించిన, క్రింద వ్రాసిన దానిని యంత్రము చూడనే చూడదు. కావున నా వరుసలో నెవ్వరి కోరిక మొదట నున్నదో బిడ్డకు దెలియకపోదు. జబాల వలె నిజము పలికి, యింటి యప్పుల సంగతి చెప్పిన బిడ్డ మనసు క్రుంగునేమో యందురా? పదునేడేండ్ల వానికి చదువు నెంచుకొను భారము మోపగలవారు, ఇంటి లెక్క మాత్రము దాచుట న్యాయమా?

తలిదండ్రులారా, ఆప్షన్లు ఫ్రీజు చేయుటకు ముందటి రాత్రి బిడ్డను జెంత గూర్చుండబెట్టుకొని, చేతనున్న సొమ్మెంతో, చేయగల యప్పెంతో, మీరు గోరు చదువులో మీ తీఱని కోరిక పాలెంతో చెప్పుడు. పిదప కంప్యూటరును వానికే యొప్పగింపుడు.